పాచి తగ్గింది, పిప్పి మాత్రం ఆగలేదు

పళ్ళ డాక్టరుగా నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్నల్లో ఒకటి, మొక్కల సారాలతో చేసిన పేస్టులూ మౌత్‌వాష్‌లూ పనిచేస్తాయా అని. చాలా ఏళ్ళు ఆ ప్రశ్నకు నా దగ్గర ఒకటే జవాబు ఉండేది: "కొంచెం పనిచేస్తాయి, నష్టమేమీ లేదు, వాడుకోండి." ఈ కేసు తర్వాత ఆ మాట అనడం మానేశాను. ఇందులో పేషెంట్ చెప్పినవన్నీ శ్రద్ధగా చేశారు, పాచి తగ్గింది, చిగుళ్ళ నుంచి రక్తం రావడం ఆగింది, అయినా ఏడాది తిరిగేసరికి ఐదు కొత్త చోట్ల పళ్ళు పుచ్చాయి. ఎందుకో తెలుసుకోవడానికి నాకు దాదాపు ఐదు నెలలు పట్టింది, ఆ ఐదు నెలల్లో ఆరో పన్ను కూడా పుచ్చింది. ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ముందు సంగతి

ఆవిడ వయసు యాభై దాటింది. నరాల నొప్పికి రోజూ రాత్రి అమిట్రిప్టిలిన్ వేసుకుంటారు, బీపీకి ఒక మాత్ర ఉంది. ఎప్పుడో చిగుళ్ళ జబ్బు వచ్చి తగ్గింది, దాంతో చిగుళ్ళు కిందికి జరిగి చాలా పళ్ళకు వేర్లు బయటపడ్డాయి. ఈ సంగతి తర్వాత చాలా ముఖ్యమవుతుంది, ఎందుకంటే పంటి వేరు మీద ఎనామెల్, అంటే పంటిని కాపాడే గట్టి పై పొర, ఉండదు.

మొదటిసారి వచ్చింది చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందని. పళ్ళకు రంగు పూసి పాచి ఎక్కడెక్కడ ఉందో లెక్కపెట్టే పద్ధతి ఒకటుంది, 1972లో ఓలియరీ బృందం ప్రచురించింది. ఒక్కో పన్నును నాలుగు భాగాలుగా అనుకుని, చిగురు అంచున రంగు పట్టిన భాగాలు మొత్తంలో ఎంత శాతమో చూస్తాం. ఆవిడకు 58 శాతం వచ్చింది. గార తీశాను, బ్రష్ పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పాను, పళ్ళ సందుల్లో తోమే చిన్న బ్రష్‌లు ఇచ్చాను. మూడు నెలల్లో 16 శాతానికి దిగింది. ఈ పద్ధతిలో 10 దాకా దింపితే చాలా మంచిదంటారు, ఇంట్లో తోముకునే మనిషికి 16 కూడా తక్కువేం కాదు.

ఆవిడ ఆ గొప్పంతా తాను కొత్తగా మొదలుపెట్టిన మౌత్‌వాష్‌దే అన్నారు. అందులో గ్రీన్ టీ, వేప, క్రాన్‌బెర్రీ సారాలు ఉన్నాయట. పేస్టు కూడా మార్చేశారు, ఫ్లోరైడ్ లేని మూలికల పేస్టుకి. సందుల బ్రష్‌ల వల్లే ఎక్కువ తేడా వచ్చిందని నాకు అనిపించింది గానీ, మనిషి ఉత్సాహంగా ఉన్నప్పుడు ఎందుకు కాదనాలి అని ఊరుకున్నాను. ఫ్లోరైడ్ గురించి ఒక్క ముక్క చెప్పి వదిలేశాను. ఆ రోజు కేస్ షీట్‌లో నేను రాసుకున్నది ఇప్పటికీ ఉంది: "పాచి అదుపులో ఉంది. ఏడాదికి రమ్మన్నాను."

ఏడాది తర్వాత

చిగుళ్ళు గులాబీ రంగులో గట్టిగా ఉన్నాయి, ఎక్కడా రక్తం లేదు. కానీ చిగురు అంచు పక్కనే, బయటపడిన వేర్ల మీద, ఐదు చోట్ల పసుపూ గోధుమా కలిసిన మెత్తటి మచ్చలు. ప్రోబ్ (పన్ను గట్టిగా ఉందో లేదో చూసే సన్నటి పరికరం) ఆనిస్తే తోలులా అణుగుతున్నాయి. అంటే పాత మచ్చలు కావు, అప్పుడు నడుస్తున్న పిప్పి. ఆగిపోయిన మచ్చ అయితే గట్టిగా, నున్నగా, మెరుస్తూ ఉంటుంది.

"డాక్టర్ గారూ, మీరు చెప్పినట్టే తోముతున్నాను కదా, ఇంకేం చెయ్యాలి?" అన్నారు. ఆ గొంతులో నా మీద కోపం లేదు, తన మీద అనుమానం ఉంది. అది నాకు చాలా బాధ కలిగించింది.

మొదటి నిర్ణయం, అది ఎందుకు తప్పింది

నా ఆలోచన ఇలా నడిచింది: పిప్పి అంటే పాచిలోని బ్యాక్టీరియా చేసే పని, కాబట్టి మిగిలిన ఆ 16 శాతం పాచి సరిగ్గా చిగురు అంచునే ఉండి ఉంటుంది, దాన్ని కూడా తీసేస్తే సరిపోతుంది. అందుకని బ్యాక్టీరియాని చంపే మందు క్లోర్‌హెక్సిడిన్‌తో, 0.2 శాతం ద్రవంతో, రోజుకు రెండుసార్లు పుక్కిలించమన్నాను. పాచి మీద దానికి మించింది లేదని అందరం చదువుకున్నదే. దాని అణువుకు ధనావేశం ఉంటుంది, పంటికీ నోటి చర్మానికీ అంటుకుని గంటల తరబడి నెమ్మదిగా విడుదలవుతుంది.

మూడు వారాలకు ఆవిడ ముందు పళ్ళ మీద గోధుమ మరకలతో వచ్చారు. రుచి తెలియడం లేదన్నారు. మందు ఆపేశారు కూడా. క్లోర్‌హెక్సిడిన్‌తో మరకలు వస్తాయని చెప్పే పంపాను గానీ మూడు వారాల్లో ఇంత ముదురుగా ఎందుకు వచ్చాయో అప్పుడు ఆలోచించలేదు. కారణం నా కళ్ళెదుటే ఉంది. గ్రీన్ టీలో ఉండే పాలీఫినాల్స్‌తో, టానిన్లతో క్లోర్‌హెక్సిడిన్ కలిస్తే మరక బాగా ముదురుతుంది. ఆవిడ తన మౌత్‌వాష్ మానలేదు, నేను మానమనలేదు, అసలు అడగనే లేదు.

ఇంకో తప్పు కూడా ఉంది. క్లోర్‌హెక్సిడిన్‌కి చిగుళ్ళ వాపు తగ్గించడంలో ఉన్నంత బలమైన రుజువు పిప్పి ఆపడంలో లేదు. ఆవిడ చిగుళ్ళకి అప్పటికే ఏ జబ్బూ లేదు, అంటే లేని జబ్బుకు మందిచ్చాను.

రెండో నిర్ణయం

మరకలు పాలిష్ చేశాక, కొంచెం విసుగుతోనే అనుకుంటా, "అమ్మా, ఈ మూలికలన్నీ ఆపెయ్యండి, ఫ్లోరైడ్ పేస్టు వాడండి" అన్నాను. వైద్యంగా చూస్తే ఆ మాటలో సగం సరైనదే. కానీ ఆవిడ వైపు నుంచి చూడండి. తన చిగుళ్ళు బాగుపడింది ఆ మూలికల వల్లే అని ఆవిడ నమ్మకం, నేనిచ్చిన రసాయనం వల్ల పళ్ళు నల్లబడ్డాయి, ఇప్పుడు అదే డాక్టరు మంచిదాన్ని మానేసి ఇంకో రసాయనం వాడమంటున్నాడు. సరేనని తలూపి వెళ్ళిపోయారు. మూడు నెలలు రాలేదు. వచ్చినప్పుడు కింది దవడలో ఒక పన్ను చల్లటి నీళ్ళకు జివ్వుమంటోంది, అక్కడ ఆరో మచ్చ.

పేస్టు మార్చారా అని అడిగితే నేల చూపులు చూశారు.

సంచీ తెప్పించిన రోజు

అప్పుడు చేసిన పని మొదటి రోజే చెయ్యాల్సింది. నోట్లో పెట్టుకునేది ఏదైనా సరే, మందు కావచ్చు, బిళ్ళ కావచ్చు, పొడి కావచ్చు, అన్నీ డబ్బాలతో సహా పట్టుకురమ్మన్నాను. తిట్టడానికి కాదు, చూడటానికి అని రెండుసార్లు చెప్పాను.

సంచీలోంచి మూడు వస్తువులు బయటికి వచ్చాయి: పేస్టు, మౌత్‌వాష్, నేను అప్పటిదాకా వినని ఒక డబ్బా. అతిమధురం సారంతో చేసిన చప్పరించే బిళ్ళలు. "ఇవి దేనికమ్మా?" అంటే, "నోరు ఎండిపోతుంది కదండీ, ఇది చప్పరిస్తే కొంచెం తడిగా ఉంటుంది, అతిమధురం పళ్ళకు మంచిదని కూడా చదివాను" అన్నారు. రోజుకు ఎన్ని? పది, పన్నెండు. రాత్రి మెలకువ వస్తే ఇంకొకటి.

డబ్బా వెనక అక్షరాలు చాలా చిన్నవి, ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చదివాం. మొదటి పదార్థం చక్కెర. రెండోది గ్లూకోజ్ సిరప్. తర్వాత సిట్రిక్ ఆమ్లం. అతిమధురం సారం ఆ జాబితాలో చివరి నుంచి రెండోది.

తర్వాత మౌత్‌వాష్ మూతలో కొంచెం పోసి పీహెచ్ కాగితం ముంచాను. పీహెచ్ అంటే పులుపు కొలత: 7 అయితే మామూలు, అంకె ఎంత తగ్గితే అంత ఆమ్లం. ఆకుపచ్చ వైపు వెళ్తుందనుకున్న కాగితం నారింజ రంగుకు తిరిగింది. చార్టు పక్కన పెట్టి చూస్తే 3కీ 4కీ మధ్యలో ఉంది. ఆవిడ ఆ కాగితాన్ని తన చేతిలోకి తీసుకుని చార్టు మీద తనే జరిపి జరిపి చూసుకున్నారు. నేను ఎన్ని మాటలు చెప్పినా రాని నమ్మకం ఆ రెండు నిమిషాల్లో వచ్చింది.

చివరగా ఉమ్మి కొలిచాం. చప్పరించడం, నమలడం ఏమీ లేకుండా, గీతలున్న చిన్న కప్పులోకి ఊరినది ఊరినట్టు ఐదు నిమిషాలు వదలమన్నాను. అర మిల్లీలీటరు కూడా రాలేదు. నిమిషానికి 0.1 మిల్లీలీటరు కన్నా తక్కువ వస్తే నోరు నిజంగా ఎండిపోతున్నట్టు లెక్క, మామూలుగా 0.3 దాకా ఉంటుంది. అమిట్రిప్టిలిన్‌కి నోరు ఎండబెట్టే గుణం ఉందని నాకు తెలుసు. మందు పేరు మొదటి రోజే కేస్ షీట్‌లో నా చేత్తో రాసుకున్నాను. రాసుకున్నానే గానీ కొలవలేదు.

అసలు లోపల ఏం జరిగింది

పంటి మీద అంటుకునే బ్యాక్టీరియాలో స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ ఒకటి, 1924లో క్లార్క్ గుర్తించాడు. అది చక్కెరతో రెండు పనులు చేస్తుంది. గ్లూకోసిల్‌ట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైముతో గ్లూకాన్ అనే జిగురు తయారుచేసి దాంతో పంటిని పట్టుకుంటుంది, మిగతా చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. చక్కెర తగిలిన కొన్ని నిమిషాల్లోనే పాచిలో పీహెచ్ పడిపోయి, అరగంట నుంచి గంట లోపు మెల్లగా పైకి వస్తుందని స్టెఫాన్ 1940ల్లోనే చూపించాడు. పైకి తెచ్చేది ముఖ్యంగా ఉమ్మి, అందులోని బైకార్బొనేట్. ఎనామెల్ సుమారు 5.5 దగ్గర కరగడం మొదలవుతుంది. వేరులో ఉండే డెంటిన్ ఎనామెల్ కన్నా మెత్తటిది, దానికి అంత ఆమ్లం కూడా అక్కర్లేదు, 6 దాటి ఉన్నప్పుడే మొదలైపోతుంది.

ఇప్పుడు ఆవిడ రోజును ఊహించండి. పొద్దున్నుంచి రాత్రి దాకా గంటకో గంటన్నరకో ఒక చక్కెర బిళ్ళ, ఆమ్లాన్ని కడిగేయడానికి ఉమ్మి లేదు, వేర్లు బయటికి ఉన్నాయి, పంటిని తిరిగి గట్టిపరిచే ఫ్లోరైడ్ లేదు, వీటికి తోడు రోజుకు రెండుసార్లు పుల్లటి ద్రవంతో పుక్కిలింత. పాచి పలచగా ఉన్నా ఆ పలచటి పొరకే రోజంతా మేత దొరుకుతోంది. పైగా నోరు ఎప్పుడూ పుల్లగా ఉంటే ఆమ్లాన్ని తట్టుకునే బ్యాక్టీరియాయే మిగిలి పెరుగుతుంది, మిగతావి తగ్గిపోతాయి. పాచి ఎంత ఉందో కొలిచే రంగు, ఆ పాచి ఏం చేస్తోందో చెప్పదు. నేను 16 శాతాన్ని చూసి నిశ్చింతగా ఉండిపోవడానికి కారణం ఇదే.

మరి ఆ సారాలు వట్టివేనా? కాదు. గ్రీన్ టీలోని కాటెకిన్లు, ముఖ్యంగా ఈజీసీజీ, ఆ జిగురు చేసే ఎంజైమును అడ్డుకుంటాయి. క్రాన్‌బెర్రీలోని ప్రోఆంథోసయనిడిన్లు బ్యాక్టీరియా ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తాయి. అతిమధురంలో కూడా మ్యూటన్స్‌ని చంపే పదార్థాలు ఉన్నాయి. ఇవన్నీ ల్యాబ్‌లో బాగా కనిపించినవే. కానీ ల్యాబ్‌లో సారం బ్యాక్టీరియాతో గంటల తరబడి కలిసి ఉంటుంది, నోట్లో అరనిమిషం ఉండి సింకులోకి పోతుంది. ల్యాబ్‌లో విడివిడిగా ఈదే బ్యాక్టీరియాని చంపే మోతాదు, పంటి మీద పొరగా కట్టిన బ్యాక్టీరియాకి చాలదు, ఎన్నో రెట్లు ఎక్కువ కావాలి. క్రాన్‌బెర్రీ సంగతి మరీ విచిత్రం: అందులోని మంచి పదార్థం పాచిని విడదీస్తుంది, దాని రసం మాత్రం సహజంగానే బాగా పులుపు, ఆ పులుపు పోవాలని చక్కెర కలుపుతారు.

నేను సారం ఏమిటని ఆలోచించాను గానీ అది దేంట్లో కలిసి నోట్లోకి వెళ్తోందని ఆలోచించలేదు. ఈ కేసంతా ఈ ఒక్క ముక్కలో ఉంది.

ఏం చేశాం, ఏది పనిచేసింది

ఈసారి మూలికలన్నీ ఆపమని అనలేదు. ఆపాల్సినవి రెండే: చక్కెర బిళ్ళ, పుల్లటి మౌత్‌వాష్. వాటి బదులు ఏం వాడాలో ఇద్దరం కూర్చుని తేల్చుకున్నాం. నోరు ఎండినప్పుడు చప్పరించడానికి జైలిటాల్ బిళ్ళలు. జైలిటాల్‌ని మొదట్లో బర్చ్ చెట్ల నుంచే తీసేవారు, బ్యాక్టీరియా దాన్ని ఆమ్లంగా మార్చలేదు, చప్పరిస్తే ఉన్న కాస్త ఉమ్మి అయినా ఊరుతుంది. (ఇంట్లో కుక్క ఉంటే అందకుండా పెట్టాలి, దానికి అది విషం. ఈ మాట మర్చిపోకుండా చెప్తాను.) పుక్కిలించడానికి చక్కెర, నిమ్మ లేకుండా కాచి చల్లార్చిన గ్రీన్ టీ. పీహెచ్ కాగితం ముంచితే 7కి దగ్గర్లో చూపించింది. మరకలు కొంచెం పడొచ్చని ముందే చెప్పాను, ఒప్పుకున్నారు.

గ్రీన్ టీ లేకపోయినా పిప్పి ఆగేదేమో అంటే, ఆగేదనే అనుకుంటాను. అయినా ఎందుకు ఉంచానంటే, ఆవిడ నమ్మిన దాంట్లో హాని లేని భాగాన్ని ఉంచితేనే నేను అడిగే అసలు మార్పుకు చోటు దొరుకుతుంది. ఆ అసలు మార్పు ఫ్లోరైడ్. 5,000 పీపీఎం (పది లక్షల భాగాల్లో 5,000 భాగాలు ఫ్లోరైడ్) పేస్టు రాసిచ్చాను, మామూలు పేస్టుల్లో 1,000 నుంచి 1,500 దాకా ఉంటుంది. వేరు మీది పిప్పిని గట్టిపరచడానికి ఎక్కువ మోతాదే మేలు. తోమాక ఉమ్మేయాలి, నీళ్ళతో కడగకూడదు. గ్రీన్ టీతో పుక్కిలింత అందుకే తోమిన వెంటనే పెట్టలేదు, మధ్యాహ్నానికి మార్చాం, లేకపోతే అంటిన ఫ్లోరైడ్ కాస్తా కొట్టుకుపోతుంది.

ఆరు మచ్చల్లో వెనక పళ్ళవి మూడు, అక్కడ 38 శాతం సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ పూశాను. పిప్పి ఆగుతుంది గానీ ఆ చోటు నల్లబడుతుంది, అందుకే నవ్వితే కనిపించే పళ్ళకు అది వాడలేదు. ముందున్న రెండింటికి గ్లాస్ అయానమర్ అనే పంటి రంగు సిమెంటు నింపాను. ఆరోది లోతు తక్కువ, ఏమీ నింపకుండా మూడు నెలలకోసారి ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తూ చూద్దామనుకున్నాను. నోరు ఇంకా పుల్లగా ఉండగా నింపితే అంచుల్లోంచి మళ్ళీ పుచ్చుతుంది, ముందు నోరు మారుతుందో లేదో తేలాలి.

ఆవిడ ఫిజీషియన్‌కి ఉత్తరం రాశాను. అమిట్రిప్టిలిన్ ఆవిడంతట ఆవిడ ఆపకూడదని గట్టిగా చెప్పాను. ఆయన డోసు మెల్లగా తగ్గించి, నొప్పి అదుపులో ఉంటుందో లేదో చూశారు. ఆ ఉత్తరంలో అతిమధురం సంగతి కూడా రాశాను, దానిలోని గ్లిసరైజిన్ ఎక్కువగా లోపలికి పోతే బీపీ పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. అంతకు కొన్ని నెలల ముందే ఆవిడ బీపీ మాత్ర డోసు పెంచారట. బిళ్ళలు ఆపాక బీపీ కొంత దిగింది. అదే సమయంలో వేరే మందు కూడా మారింది కాబట్టి అంతా అతిమధురం మీదికి తోయను, కానీ ఫిజీషియన్‌కి ఆ బిళ్ళల సంగతి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదన్నది నిజం.

నా పద్ధతిలో మారినవి

మొదటిది ప్రశ్న. ఇదివరకు "ఏ పేస్టు వాడతారు?" అని అడిగి ఊరుకునేవాణ్ణి. ఇప్పుడు భోజనం కాకుండా రోజులో నోట్లో పెట్టుకునేవన్నీ అడుగుతాను, పొడి, కషాయం, బిళ్ళ, దగ్గు సిరప్, అన్నీ. ఎందుకంటే మొక్కతో చేసింది ఏదైనా జనం దాన్ని మందుగా లెక్కేయరు, ఆహారంగానూ లెక్కేయరు, అందుకే చెప్పరు.

రెండోది, పీహెచ్ కాగితాలు టేబుల్ మీదే ఉంటాయి. ఏ మౌత్‌వాష్ తెచ్చినా అక్కడే ముంచుతాం. రోజూ వాడేది 5.5 కన్నా తక్కువ చూపిస్తే, అందులో ఎంత మంచి సారం ఉన్నా వద్దంటాను. వేర్లు బయటపడినవాళ్ళకు, నోరు ఎండేవాళ్ళకు ఇంకా కచ్చితంగా ఉంటాను.

మూడోది, "మొక్కే కదా, నష్టం లేదు" అనే మాట మానేశాను. బ్లడ్‌రూట్ అనే మొక్క నుంచి తీసిన సాంగ్వినారిన్‌ని ఒకప్పుడు పాచి తగ్గిస్తుందని పేస్టుల్లో, మౌత్‌వాష్‌లలో కలిపి అమ్మారు. తర్వాత వాడినవాళ్ళ నోట్లో ల్యూకోప్లేకియా అనే తెల్ల మచ్చలు కనబడ్డాయి, అది క్యాన్సర్‌కి దారితీసే అవకాశమున్న మార్పు. లవంగ నూనెతో నొప్పి తగ్గుతుంది, పలచన చేయకుండా పెడితే చిగురు కాలుతుంది. ఫలానాది మొక్క నుంచి వచ్చిందంటే అది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుస్తుంది, అంతే. ఎంత మోతాదులో, దేంట్లో కలిపి, ఎంతసేపు, ఎవరి నోట్లో అన్నవి విడిగా అడగాల్సిందే.

ఇంకొకటి, పాచి స్కోరూ పిప్పి ప్రమాదమూ ఇప్పుడు కేస్ షీట్‌లో రెండు వేరు గళ్ళలో రాస్తాను. ఒకటి బాగుందని రెండోది నింపకుండా వదలను.

ఏడాదిన్నర అయింది. కొత్త మచ్చ ఒక్కటీ రాలేదు. వెనక పళ్ళ మూడు చోట్లూ నల్లగా, గట్టిగా ఉన్నాయి. పాచి 19 శాతం ఉంది, అంటే ముందుకన్నా కొంచెం ఎక్కువే. ఉమ్మి కొంత పెరిగింది గానీ మామూలు స్థాయికి రాలేదు, వస్తుందన్న ఆశ కూడా నాకు పెద్దగా లేదు, అందుకే ఆ 5,000 పీపీఎం పేస్టు ఇప్పట్లో ఆపం. నింపకుండా వదిలిన ఆరో మచ్చ మీద మొన్న ప్రోబ్ ఆనించాను, అణగలేదు, నున్నగా జారింది. అద్దం చేతికిచ్చి చూపించాను. చాలాసేపు చూసుకుని, కొత్త మౌత్‌వాష్ ఏదో సంచీలోంచి తీసి, "ముందు దీన్ని కాగితంతో చూడండి" అన్నారు.